చిరిగినా విలువ తగ్గని రాత

జపాన్ తేనీటి గదిలోకి అతిథి చిన్న గుమ్మంలోంచి వంగి, మోకాళ్ల మీద దూరి వస్తాడు. వచ్చీ రాగానే టోకోనోమా అనే గోడగూటి ముందుకు వెళ్లి, మడిచిన విసనకర్రను మోకాళ్ల ముందు పెట్టుకుని, అక్కడ వేలాడే కాగితానికి వంగి నమస్కరిస్తాడు. తరచుగా అది ఎవరో జెన్ బౌద్ధ గురువు నల్లసిరాతో రాసిన నాలుగు ముక్కలు. అందమైన చేతిరాతకు నమూనా అని మనం సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ గదిలో నమస్కారం అందుకునేది రాసిన మనిషేనని నా వాదన. తేనీటి సామగ్రిలో ఈ వేలాడే కాగితపు చుట్టను మించింది లేదనీ, దాని ముందు రాసినవారి శీలాన్ని గౌరవించాలనీ తేనీటి గురువు రిక్యూ (1522–1591) బోధగా 'నాంపోరోకు' అనే గ్రంథం చెబుతుంది. అయితే ఆ గ్రంథం ఆయన పోయిన నూరేళ్లకు గానీ వెలుగులోకి రాలేదు. అవి ఆయన మాటలేనా అన్న అనుమానం పండితులకు ఉంది. సరే, దాన్ని పక్కన పెడదాం.

పుస్తకం కంటే గట్టి సాక్ష్యం కాగితాలే ఇస్తాయి. చైనా గురువు యువాన్‌వు (జపాన్‌లో ఎంగో అంటారు) 1124లో తన శిష్యుడికి, నీకు బోధ పట్టుబడిందని ఒప్పుకుంటూ రాసిచ్చిన పత్రం ఒకటుంది. దాన్ని ఫురుతా ఓరిబే అనే తేనీటి గురువు, దాతె మసమునె అనే సామంతుడి కోరిక మీద, రెండుగా కోయించాడని చెబుతారు. ఇప్పుడు మిగిలింది మొదటి సగమే. కిడో అనే మరో గురువు రాత క్యోటోలో ఓ వర్తకుడి ఇంట ఉండేది. 1637లో ఆ ఇంటి నౌకరొకడు కొట్టులో దూరి తలుపు బిగించుకుని, దాన్ని కోసేసి, ప్రాణం తీసుకున్నాడు. అతుకులు వేసిన ఆ కాగితానికి 'చిరిగిన కిడో' అనే పేరే స్థిరపడింది, విలువ మాత్రం తగ్గలేదు. చేతిరాత అందమే ముఖ్యమైతే కోత దాన్ని పాడుచేసేది. అర్థమే ముఖ్యమైతే సగం ఉత్తరం దేనికి పనికొస్తుంది? గురువు పాదుకలకు మొక్కేవాళ్లు అవి ఏ కర్రతో చేశారని అడగరు కదా.

ఇదంతా గొప్పింటివాళ్ల డాబు అనవచ్చు. నిజమే, సామంతులు వీటిని కోటల్లా కూడబెట్టుకున్నారు. ఆ మచ్చను కడిగే ప్రయత్నం నేను చేయను. కానీ డాబుకు పనికొచ్చే వస్తువులెన్నో ఉండగా ఈ మసక కాగితాలకే అంత గిరాకీ ఎందుకు వచ్చిందో ఆ మాట చెప్పలేదు. ఇంకో ఆక్షేపణ పదునైనది: అక్షరాల మీద ఆధారపడవద్దన్న జెన్‌లో అక్షరానికి మొక్కడమేమిటి? యువాన్‌వు వ్యాఖ్యానించిన 'నీలిశిఖర సంకలనం' అచ్చు పలకలను ఆయన శిష్యుడే తగలబెట్టాడనే కథ కూడా ఉంది. ఆ సంకలనం అందరి కోసం అచ్చయింది, ఎవరైనా వల్లెవేయవచ్చు. తేనీటి గదిలోని పత్రం అలాంటిది కాదు, ఒక గురువు ఒక శిష్యుడికి రాసిచ్చింది. నలుగురైదుగురు అతిథుల కోసం ఒక్కడు నీళ్లు కాచే చోట దానికంటే తగిన వస్తువు దొరకదు. పూర్తిస్థాయి తేనీటి విందులో సగం గడిచాక ఆ చుట్టను తీసేసి పూలు పెడతారు. చేసిన మర్యాద చాలు, ఇక పూజ అక్కర్లేదన్నట్టు.

ఈ రెండు రాతలూ ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో, జాతీయ నిధులుగా ఉన్నాయి. వాటిని ఏడాది పొడుగునా బయట పెట్టి ఉంచరు. వెళ్లదలిస్తే ముందే కనుక్కుని వెళ్లండి. చైనా లిపి రాదని మాత్రం ఆగిపోకండి.