నవ్వుకు తూకం

మొహమాటానికి మెచ్చుకోవచ్చు, పొట్టచెక్కలయ్యేలా నవ్వడం మాత్రం ఎవరి తరమూ కాదు. అందుకే హాస్యానికి బహుమతి నిర్ణయించడం కత్తిమీద సాము.

ప్రఖ్యాత ఆంగ్ల హాస్యరచయిత వుడ్‌హౌస్ పేరిట 2000లో బ్రిటన్‌లో ఒక పురస్కారం వెలసింది. ఏటా ఉత్తమ హాస్యనవలను ఎంపికచేసి, ఆ నవల పేరును ఒక పందికి పెట్టడం అందులోని వింత! వుడ్‌హౌస్ కథల్లో బహుమతులు గెలిచే పంది ఒకటి ఉంది మరి.

2018లో 62 నవలలు పోటీకి వచ్చాయి. అవి న్యాయనిర్ణేతల పెదవులపై చిరునవ్వులు పూయించాయేగాని, అందరినీ ఫక్కున నవ్వించిన నవల ఒక్కటీ లేకపోయింది. దాంతో ఆ ఏడు బహుమతిని నిలిపివేశారు. మరుసటి సంవత్సరం నీనా స్టిబ్ నవల ఆ లోటు తీర్చింది.

రచయితలకు ఆ తీర్పు కఠినంగా తోచి ఉండవచ్చు. కాని అర్హత చూడక పంచిన బహుమతి గ్రహీతకూ గౌరవం కాదు, హాస్యానికీ గౌరవం కాదు.