రెండు పెన్సిల్ సెల్లులు

మా ఇంటి గోడ అలమరలో పై అరమీద రెండు వస్తువులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మా అవ్వ రేడియో. రెండవది అరచేతిలో పట్టుకొని ఆడుకునే పాత వీడియో గేమ్. రెండింటికీ రెండేసి పెన్సిల్ సెల్లులు కావాలి. ఇంటికి వచ్చినవాళ్ళు "ఈ పాత సామాను ఇంకా ఎందుకు దాచారు?" అని అడుగుతుంటారు. నవ్వి ఊరుకుంటాను. కాని మీకు ఆ సంగతి చెప్పాలనిపించింది.

మాది హోసూరు. తమిళనాడు అంచున, కర్ణాటకకు ఆనుకొని ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బస్సెక్కి బెంగుళూరు పోతే కన్నడం. నేను తెలుగు మాధ్యమంలో ఆరవ తరగతి చదువుతున్న రోజులవి. అది 1995వ సంవత్సరం. బెంగుళూరులో ఒక కార్ఖానాలో పనిచేసే మా మామ దీపావళికి వస్తూ నాకొక వీడియో గేమ్ తెచ్చాడు.

దానిమీద ఇంగ్లీషులో '9999 ఆటలు' అని అచ్చువేసి ఉంది. నాకు నేల మీద కాళ్ళు నిలవలేదు. ఆడగా ఆడగా తెలిసింది, లోపల ఉన్నవి కొద్ది ఆటలేనని. వేగం కొంచెం పెంచి, గళ్ళు కొంచెం మార్చి, అదే ఆటకు కొత్త అంకె తగిలించారు. ఆ మోసం తెలిశాక కూడా నా ఇష్టం తగ్గలేదు. బూడిదరంగు తెర మీద అడ్డంగా 10, నిలువుగా 20, మొత్తం 200 గళ్ళు. ఆ గళ్ళే నల్లబడి ఒకసారి కారు అయ్యేవి, ఒకసారి పాము అయ్యేవి, ఒకసారి యుద్ధ శకటం అయ్యేవి. చక్రాలు, కోరలు, పొగ అన్నీ మనమే ఊహించుకోవాలి.

అన్నిటిలోకి నాకు నచ్చింది ఇటుకల ఆట. పైనుంచి ఒక్కొక్క ముక్కా దిగుతుంది. ప్రతి ముక్కలోనూ నాలుగు గళ్ళు. ముక్కల ఆకారాలు ఏడు. వాటిని తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. ఒక వరుస నిండితే మాయమవుతుంది. నిండకపోతే గోడ పైకి పెరిగి ఆట ముగుస్తుంది. ఈ ఆట పుట్టింది మాస్కోలో అని చాలా ఏళ్ళ తరువాత చదివాను. అలెక్సీ పజిట్నోవ్ అనే ఆయన 1984లో దీన్ని తయారుచేశాడు. ఆయన దగ్గరున్న కంప్యూటరులో బొమ్మలు గీసే వీలే లేదు. అందుకని కుండలీకరణ చిహ్నాలనే పక్కపక్కన పెట్టి ఇటుకలుగా చూపించాడట. నాలుగు అనే అర్థం గల గ్రీకు మాటనుంచి దానికి టెట్రిస్ అని పేరు పెట్టాడు.

సాయంకాలం మా అరుగు మీద వీధి పిల్లలందరూ చేరేవాళ్ళు. ఒకడు తమిళంలో, ఇంకొకడు కన్నడంలో, నేను తెలుగులో "తిప్పు, తిప్పు!" అని కేకలు వేసేవాళ్ళం. వరుస నిండి మాయమైతే అందరి అరుపూ ఒక్కటే.

అయితే ఆటకు సెల్లులు కావాలి కదా! పొద్దస్తమానం ఆడితే పదిహేను రోజులకే తెర వెలవెలబోయేది. "నెలకు ఒక జత. అంతకుమించి అడగొద్దు" అని నాయన కచ్చితంగా చెప్పాడు.

ఇక అవ్వ రేడియో సంగతి. అవ్వది కుప్పం దగ్గర పల్లె. పెళ్ళయి హోసూరు వచ్చింది. చదువు రాదు. వీధిలోని మాటలు సగం అర్థమయ్యేవి, సగం అయ్యేవి కావు. రాత్రి భోజనమయ్యాక నడవలో చాప వేసుకొని రేడియో ముల్లు మెల్లగా తిప్పి కడప కేంద్రాన్ని పట్టుకునేది. ఆ ప్రసారం పగలు మాకు సరిగా అందేది కాదు. పగటిపూట ఆకాశంలోని ఒక పొర ఆ రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. పొద్దు గూకాక ఆ పొర తొలగిపోయి తరంగాలు చాలా దూరం ప్రయాణిస్తాయి. అవ్వకు ఈ శాస్త్రం తెలియదు. "చీకటి పడితే మా ఊరు దగ్గరికొస్తుందిరా" అనేది. హరికథ వచ్చినా, పొలం పనుల మాటలు వచ్చినా కళ్ళు మూసుకొని వినేది.

ఒక మధ్యాహ్నం నా ఆట తెర వెలవెలబోయింది. నెల తిరగడానికి ఇంకా పన్నెండు రోజులుంది. అవ్వ నిద్రపోతోంది. రేడియో వెనుక మూత తెరిచి సెల్లులు తీశాను. సాయంత్రం వరకు ఆడి, తిరిగి పెట్టేశాను. ఎవరికీ తెలియలేదు. మరునాడూ అదే పని. ఆ తరువాత రోజూ అదే పని. చివరికి బాగున్న జత నా ఆటలోనే ఉంచుకొని, అరిగిన జతను రేడియోలో పెట్టేశాను.

రేడియో గొంతు సన్నబడింది. అవ్వ శబ్దం పెంచే చక్రాన్ని చివరిదాకా తిప్పింది. తరువాత రేడియోను చెవికి ఆనించుకొని వినసాగింది. నాయనకు రెండవ షిఫ్టు. రాత్రి పదకొండు దాటితే గాని ఇంటికి చేరడు. అమ్మ వంటింటి పనిలో ఉండేది. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఒక రాత్రి అవ్వ రేడియో పక్కన పెట్టి, "నా చెవులు పోతా ఉండాయిరా" అంది. ఆ మాట కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. వాన వస్తుంది అన్నట్టు మామూలుగా అంది. నా గుండె దడదడలాడింది. అయినా నోరు విప్పలేదు. మరుసటి రోజునుంచి అవ్వ రేడియో పెట్టడం మానేసింది. చాప మీద ఊరికే కూర్చునేది. ఎవరైనా పిలిస్తే, వినబడినా సరే, "ఏమన్నావు?" అని మళ్ళీ అడిగేది. తన చెవుల మీద తనకే నమ్మకం పోయింది.

సంగతి అమ్మ ద్వారా నాయనకు తెలిసింది. "సెల్లులు మొన్ననే నేనే వేసినాను. రేడియో తప్పు కాదు. సోమవారం పనికి సెలవు పెట్టి చెవుల డాక్టరు దగ్గరికి పిలుచుకొని పోతా" అన్నాడు. ఒక రోజు కూలి, బస్సు ఖర్చులు, డాక్టరు ఫీజు. వాళ్ళు లెక్క వేసుకుంటుంటే నేను గోడవైపు తిరిగి పడుకొని వింటున్నాను.

ఆదివారం రాత్రి ఇక తట్టుకోలేకపోయాను. ఆటను తెచ్చి అవ్వ ఒడిలో పెట్టి, "నీ చెవులు బాగుండాయవ్వా. సెల్లులు నేను తీసినాను" అన్నాను. నాయన అక్కడే ఉన్నాడు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. అవ్వ గొంతు వినబడింది. "అయితే నా చెవులు పోలేదా?"

కళ్ళు తెరిచి చూశాను. అవ్వ ముఖం వెలిగిపోతోంది. కళ్ళలో నీళ్ళు. "నీకు కావాలంటే అడగాల్సింది కదరా! ఒక జత సెల్లుల కోసం నన్ను చెవిటిదాన్ని చేస్తివే!" అంది. నన్ను ఎవరు తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

నాయన ఏమీ అనకుండా అంగడికి పోయి కొత్త జత తెచ్చి నా చేతికిచ్చాడు. "నువ్వే వెయ్యి" అన్నాడు. వేశాను. ఆ రాత్రి కడప కేంద్రం ఇల్లంతా వినబడింది.

అవ్వ అంతటితో ఊరుకోలేదు. "ఏదీ, ఆ ఆట చూపీ" అంది. అరిగిన సెల్లులతోనే కాసేపు ఆడి చూపించాను. "ఇది రాళ్ళగోడ కట్టినట్టుండాది. అడుగు వరసలో సందు పెడితే పైది ఎట్ల నిలుస్తుంది? తొందరపడకుండా పేర్చు" అంది. అప్పటినుంచి మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. సెల్లుల కొనుగోలు నెలకు ఒక జతే. పగలు నాకు, రాత్రి అవ్వకు. నేను పొదుపుగా ఆడేవాణ్ణి. రాత్రికి రేడియో గొంతు తగ్గకూడదు కదా!

పెద్దయ్యాక ఇలాంటి పాత ఆటయంత్రాలను వెతికి కొనడం, బాగుచేయడం నాకు అలవాటైంది. వాటి చరిత్ర చదువుతుంటే గున్‌పెయ్ యొకొయ్ అనే జపాన్ దేశస్థుడి పేరు కనబడింది. నింటెండో అనే సంస్థ 1889లో పేకముక్కల తయారీతో మొదలైంది. యొకొయ్ 1965లో అక్కడ యంత్రాల మరమ్మతు పనికి చేరాడు. ఒకసారి రైలులో ఒక ప్రయాణికుడు పొద్దుపోక లెక్కలు చేసే కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ కూర్చోవడం చూశాడట. ఆ తలపులోంచి 1980లో జేబులో పట్టే ఆటయంత్రం పుట్టింది. కొత్తదీ ఖరీదైనదీ కాకుండా, అందరికీ అలవాటై చవకైపోయిన సామగ్రితోనే కొత్త పని చేయించాలన్నది ఆయన పద్ధతి.

1989లో వచ్చిన గేమ్‌బాయ్ కూడా ఆయన బృందం చేసినదే. దాని తెరకు రంగులు లేవు, వెనుకనుంచి వెలుగు లేదు. నాలుగు ఛాయలు మాత్రమే. పోటీగా వచ్చిన రంగుల యంత్రాలు ఆరు సెల్లులను నాలుగైదు గంటల్లో తినేసేవి. గేమ్‌బాయ్ నాలుగు సెల్లులతో అంతకు ఎన్నోరెట్లు ఎక్కువసేపు ఆడేది. చివరికి గెలిచింది అదే. దాని తరువాతి రంగుల గేమ్‌బాయ్‌తో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. ఇది చదివినప్పుడు మా నడవ, అవ్వ చాప గుర్తుకొచ్చాయి. సెల్లుల విలువ తెలిసినవాడు చేసిన యంత్రం అనుకున్నాను. యొకొయ్ 1997లో ఒక రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

టీవీకి తగిలించి ఆడే యంత్రాన్ని 1996లో మా బస్‌స్టాండు దగ్గర ఒక అంగట్లో చూశాను. జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్ అనే యంత్రానికి అది నకలు. బిళ్ళలాంటి క్యాసెట్టు పెట్టి మీట నొక్కితే బొమ్మ వచ్చేది. రాకపోతే క్యాసెట్టు తీసి 'ఉఫ్' అని ఊదేవాళ్ళం. ఊదడం వల్ల మేలు లేదని, నోటి తేమకు లోహపు పళ్ళు చెడిపోతాయని తరువాత తెలిసింది. తీసి మళ్ళీ పెట్టినందువల్లే అది పనిచేసేది. ఇప్పుడు నేను దూదిని స్పిరిట్‌లో ముంచి ఆ పళ్ళను తుడుస్తాను.

అందులో 1985 నాటి సూపర్ మారియో ఆట ఉండేది. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఈ పాఠమొక్కటి కంప్యూటరులో తెలుగు అక్షరాలతో దాచుకుంటేనే అందులో సగానికి మించిన చోటు పడుతుంది. అంత ఇరుకులో కొండలు, కోటలు, పాటలు అన్నీ ఇమిడాయి. ఆకాశంలోని తెల్లమబ్బు, నేలమీది పచ్చని పొద, రెండూ ఒకే బొమ్మ. రంగు మాత్రమే మార్చారు. మారియోకు టోపీ ఎందుకు? కొద్ది చుక్కలతో జుట్టు గీయడం కష్టం. మీసం ఎందుకు? ముక్కు ఎక్కడుందో తెలియాలి. లేమి కూడా ఒక అందం తెచ్చిపెట్టింది.

ఇప్పటి ఆటలు ఎంతో గొప్పవి. వాటిని నేను తక్కువ చేయను. కాని పాత యంత్రం ముందు కూర్చుంటే, ఉన్నదానితో సరిపెట్టుకొని గొప్ప పని చేసిన చేతులు నాకు కనబడతాయి.

అవ్వ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. సెల్లులు లోపలే వదిలేస్తే కారి యంత్రాన్ని తినేస్తాయి. అందుకని రేడియోలోనూ ఆటలోనూ ఖాళీగానే ఉంచుతాను. ఎప్పుడైనా సెలవు రోజు రాత్రి మా అమ్మాయి ఇటుకల ఆట ఆడతానంటుంది. కొత్త జత తెచ్చి ఇస్తాను. "ముందు అవ్వ రేడియోలో వెయ్యి" అంటాను. రేడియో గరగరలాడుతుంది. కాసేపు వింటాం. గొంతు నిండుగా ఉందని తేలాకే ఆ సెల్లులు ఆటలోకి పోతాయి.