హైదరాబాద్ మొహల్లాల చరిత్ర వెదుకుతూ

హైదరాబాద్ చరిత్ర అనగానే చార్మినార్, గోల్కొండ కోట, మక్కా మస్జిద్, నిజాం నవాబుల నగలు గుర్తుకు వస్తాయి. వాటిని గురించిన పుస్తకాలకు కొదవ లేదు. అయితే ఈ నగరవాసులు చార్మినార్‌లో కాపురం చేయలేదు. మొగల్‌పురాలో, షా అలీ బండలో, యాకుత్‌పురాలో, దబీర్‌పురాలో, కార్వాన్‌లో ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడి గల్లీలలో పిల్లలను పెంచారు, అక్కడి మస్జిద్‌లలో నమాజు చేశారు, అక్కడి ఖబరస్తాన్‌లలోనే శాశ్వతంగా విశ్రమించారు. "మీదెక్కడ?" అని అడిగితే పాతనగరవాసి నేటికీ మొహల్లా పేరే చెబుతాడు. ఆ మొహల్లాకు ఆ పేరు ఎలా వచ్చిందని మరో ప్రశ్న వేసి చూడండి. నలుగురు నాలుగు జవాబులిస్తారు.

నగరంలోని పేటల చరిత్రను ఒక విద్యగా పెంపొందించిన ఘనత ముస్లిం చరిత్రకారులకు చెందుతుంది. క్రీ.శ. 1442లో మరణించిన అల్ మఖ్‌రీజీ కైరో నగరం గురించి రచించిన గ్రంథం 'ఖితత్'గా ప్రసిద్ధి చెందింది. ఆ మాటకు పేటలు, నివేశన స్థలాలు అని అర్థం. ఏ వీధిని ఎవరు వేశారు, ఏ మద్రసా ఎవరి ధనంతో నిలిచింది, ఏ బజారు ఎందుకు పాడుపడింది అన్నదే ఆయన పరిశోధన. ఆయన కొంతకాలం కైరోలో ముహ్తసిబ్‌గా, అంటే తూనికలు, కొలతలు, బజారు వ్యవహారాలు చూసే అధికారిగా పనిచేశారు. ఆ గ్రంథంలోని బజార్ల వర్ణన అంత సజీవంగా ఉండటానికి అదొక కారణమని నా అభిప్రాయం. మరో విశేషం, ఆయన ఇంటి పేరే ఒక పేట నుంచి వచ్చింది. బఅల్‌బక్ నగరంలోని మఖారిజా పేట ఆయన పూర్వికుల నివాసం.

మన దేశంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1847లో ఢిల్లీ కట్టడాల గురించి 'ఆసారుస్సనాదీద్' ప్రచురించారు. కుతుబ్ మీనార్ పైభాగంలోని శాసనాలు కింది నుంచి కనిపించక, బుట్టలో కూర్చుని తాళ్ళతో పైకి లాగించుకుని వాటిని నకలు చేసుకున్నారు. పదేళ్ళకే 1857 తిరుగుబాటు వచ్చింది. ఆ తర్వాత ఢిల్లీలో కూల్చివేతకు గురైన అనేక కట్టడాలు ఈనాడు ఆ పుస్తకంలోనే మిగిలాయి. హైదరాబాద్ విషయంలో సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ 1927లో ఇంగ్లీషులో వెలువరించిన 'లాండ్‌మార్క్స్ ఆఫ్ ది డెక్కన్' అటువంటిదే. ఇదారా-ఎ-అదబియ్యాత్-ఎ-ఉర్దూ స్థాపకులైన డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్, నగర రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన మీర్ మోమిన్ జీవితాన్ని గ్రంథస్థం చేశారు. ఆ పుస్తకాలను చేతబట్టుకుని పాతనగరంలో తిరగటం ఎంతో ఆహ్లాదకరమైన పని. అవి చెప్పని విషయాలను వెదకటం మాత్రం కష్టసాధ్యం.

నడక పురానాపుల్ నుంచి ప్రారంభించటం మేలు. మూసీ నదిపై ఈ రాతి వంతెనను 1578లో ఇబ్రాహీం కుతుబ్ షా కట్టించారు. అప్పటికి హైదరాబాద్ నగరమే లేదు, పదమూడేళ్ళ తర్వాత గాని దానికి పునాది పడలేదు. యువరాజు ముహమ్మద్ కులీ తన ప్రేయసిని కలుసుకోవటానికి వరదలో గుర్రాన్ని దూకించాడని, అది చూసి తండ్రి వంతెన కట్టించాడని ఒక కథ నేటికీ వినిపిస్తుంది. ఆ యువరాజు 1565 ప్రాంతంలో జన్మించాడు. వంతెన పూర్తయ్యే నాటికి అతనికి పదమూడేళ్ళు. చిన్న తీసివేత లెక్క చేస్తే చాలు, కథ ఎంత దూరం నిలుస్తుందో తెలిసిపోతుంది. హదీసు వేత్తలు ఒక ఉల్లేఖనాన్ని స్వీకరించే ముందు చెప్పినవాడు ఎవరు, అతడు ఎవరి వద్ద విన్నాడు, వారిద్దరూ ఒకే కాలంలో జీవించారా అని విచారించారు. మొహల్లా చరిత్ర వ్రాయదలచినవారికి అంతకంటే మంచి పనిముట్టు లేదు.

వంతెన దాటకుండా గోల్కొండ దిశగా వెళ్తే కార్వాన్‌లో తోలీ మస్జిద్ కనిపిస్తుంది. ఐదు కమానుల ముఖం, గచ్చుతో చేసిన సున్నితమైన నగిషీ. అబ్దుల్లా కుతుబ్ షా కొలువులోని మూసా ఖాన్ దీనిని హిజ్రీ 1082లో, అంటే 1671లో కట్టించారు. దీనికి దమ్డీ మస్జిద్ అని కూడా పేరు. మక్కా మస్జిద్ నిర్మాణంలో ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ చొప్పున మూసా ఖాన్‌కు ముట్టిందని, ఆ పోగుతో ఇది కట్టించారని పెద్దలు చెబుతారు. ఈ కథను నేను కొట్టిపారవేయను. దీనిని రుజువు చేసే లెక్కల కాగితం లేకపోవచ్చు. కానీ అటువంటి కమీషనుతో ఇంతటి కట్టడం లేవటాన్ని జనం ఎంత ఆశ్చర్యంతో చూశారో అందులో ఉంది. కథను కథగానే వ్రాసి, పక్కన శాసనంలోని సంవత్సరాన్ని విడిగా వ్రాయాలి. రెండింటినీ కలిపేసినప్పుడే చరిత్ర చెడుతుంది.

సంవత్సరాల సంగతి వచ్చింది గనుక, అక్షరాలలో దాగిన అంకెలను కూడా చెప్పుకోవాలి. అరబీ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. దానిని అబ్జద్ పద్ధతి అంటారు. హైదరాబాద్ స్థాపనకు 'యా హాఫిజ్' అన్న మాటను తేదీగా చెబుతారు. లెక్క వేయండి: యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం 1000. హిజ్రీ వెయ్యవ సంవత్సరం క్రీ.శ. 1591 అక్టోబరులో మొదలైంది. రక్షకుడా అని దైవాన్ని పిలిచే పిలుపే నగరానికి జన్మతేదీ అయింది. సమాధి రాళ్ళపైన, మస్జిద్ మెహ్రాబ్‌లపైన కనిపించే అనేక ఫార్సీ పద్యాలలో చివరి పాదం ఇటువంటి తేదీయే. అది తెలియనివారికి అది కేవలం అలంకారం.

పేర్లు కూడా తమ చరిత్రను దాచుకుంటాయి. బర్కస్ అన్నది ఇంగ్లీషు 'బ్యారక్స్'. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బుల వారసులు నేటికీ అక్కడ నివసిస్తున్నారు. లుంగీ కట్టు, హరీస్ వంటకం ఆ మూలాన్ని మరువనివ్వవు. ఏసీ గార్డ్స్ ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీ అశ్విక దళం పేరు. రెండవ నిజాం కొలువులో ఉండి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమాండ్ 'మూసా రాం'గా, 'మూసా రహీం'గా జనం నోట నిలిచి చివరకు మూసారాంబాగ్ అయ్యాడు. ముస్లిములు, హిందువులు తమ తమ ఉచ్చారణలో ఒక క్రైస్తవుణ్ణి తమవాడిగా చేసుకున్న తీరు అది. ఇటువంటి విషయాలను ఏ ఫర్మానూ నమోదు చేయదు.

కొన్ని మొహల్లాల జ్ఞాపకాన్ని నది తుడిచిపెట్టింది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు పదిహేను వేల మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు నూట యాభై మంది ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇంకా ఉంది. వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో నగరాన్ని వీధి వీధినా కొలిచి పటాలు గీశారు. ఆ పటాలను నేటి గల్లీతో పోల్చి చూసినప్పుడు కలిగే భావం చెప్పనలవి కాదు. ఆనాటి బావి నేడు సెల్‌ఫోన్ల దుకాణం, ఆనాటి తోట నాలుగంతస్తుల ఫంక్షన్ హాలు.

అసలు చిక్కు మరొకటి. మన ఇళ్ళలోని కాగితాలను మనమే చదవలేకపోతున్నాం. నిజాం పాలనలో మొదట ఫార్సీ, 1880ల దశకం నుంచి ఉర్దూ అధికార భాషలు. తాత కొన్న ఇంటి దస్తావేజు షికస్తా లిపిలో, విరిగిన గొలుసు వంటి అక్షరాలలో ఉంటుంది. తేదీ ఫస్లీలో, నెల ఆజర్ అనో బహ్మన్ అనో ఉంటుంది. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే దాదాపు క్రీస్తు శకం వస్తుందని చెప్పేవారు కూడా ఇంట్లో లేరు. తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో చదివిన మనుమడు దానిని తిరగేసి చూసి, పనికిరాని కాగితమని రద్దీవాడికి తూకానికి ఇచ్చేస్తాడు. తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు పత్రాలే లక్షకు పైగా ఉన్నాయి. వాటికి రక్షణ ఉంది. ఇంటి అటక మీది పెట్టెకు అది లేదు.

ఒక భాషతో ఈ పని పూర్తి కాదు. నిజాం రెవెన్యూ లెక్కలను తరతరాలు నిర్వహించిన కాయస్థ కుటుంబాలు ఫార్సీలో దిట్టలు. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఈ నగరపు తెలుగువారి జ్ఞాపకాన్ని భద్రపరచింది. ఉర్దూ పుస్తకం చూసినవారు తెలుగు పత్రికలు చూడరు, తెలుగు చూసినవారు ఉర్దూ చూడరు. అందువల్ల ఒకే వీధికి రెండు అర్ధ చరిత్రలు తయారవుతున్నాయి. అన్నిటికంటే విసుగు కలిగించేది వంశప్రతిష్ఠ కోసం వ్రాసే చరిత్ర. ప్రతి మొహల్లా నాలుగు వందల ఏళ్ళ నాటిదే, ప్రతి ముత్తాతా నవాబే అయితే నీళ్ళు మోసిన బిహిష్తీలు, బట్టలుతికినవారు, గాజులు చేసినవారు ఎక్కడికి పోయారు? 1948 గురించి అడిగినప్పుడు కొందరు పెద్దలు మాట మారుస్తారు. ఆ మౌనాన్ని గౌరవించాలి గాని, దాని స్థానంలో మన ఊహను నింపకూడదు.

స్త్రీల చరిత్ర కోసం నేను ఎక్కువగా ఆధారపడేది సియాహాల మీద, అంటే ఖాజీ వద్ద ఉండే నికాహ్ నమోదుల మీద. వధువు పేరు, తండ్రి పేరు, మొహల్లా, సాక్షులు, మెహర్ మొత్తం అన్నీ అందులో ఉంటాయి. ఎవరు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడ స్థిరపడ్డారో, ఏ కాలంలో మెహర్ ఎంత ఉండేదో సమాధి రాయి చెప్పదు, సియాహా చెబుతుంది. దాయెరా మీర్ మోమిన్ వంటి పాత ఖబరస్తాన్‌లో అనేక సమాధులపై పేరే లేదు.

మస్జిద్ కమిటీలు మరమ్మతులు తలపెట్టినప్పుడు గోడలకు పలకలు అతికించక ముందే, రంగు వేయక ముందే పాత రాతిని ఫొటో తీయించి ఉంచుకోవాలి. దానికి పైసా ఖర్చు లేదు. ఇంట్లోనైతే నానీలు, దాదీలు ఉన్నారు. తేదీలు అడిగితే వారు చెప్పలేరు. "కుళాయి రాక ముందా, వచ్చిన తర్వాతా?", "పెద్దన్న నికాహ్‌కు ముందా?" అని అడగాలి. షా అలీ బండ అవతల ఒక గల్లీలో ఎనభై దాటిన ఒక దాదీ మంచం మీద కూర్చునే, మలుపు నుంచి బావి దాకా ఉన్న ఇళ్ళ యజమానుల పేర్లను వరుసగా చెప్పారు. పదకొండు గడపలు. పన్నెండవ ఇంటి దగ్గర ఆగి, అందులో ఉన్నావిడ కుట్టుపని చేసేదని గుర్తుంది గాని పేరు రావటం లేదన్నారు. ఆ గడి ఖాళీగానే ఉంచి, పక్కన 'కుట్టుపని' అని వ్రాసుకున్నాను. ఆమె చెల్లెలు మీర్ ఆలం మండీలో ఉంటారట.