ఏటి మీద ఏరు

బాలలూ! ఏటి మీద ఏరు పారడం మీరెప్పుడైనా చూశారా? కోనసీమలో పి. గన్నవరం వెళితే చూడవచ్చు. క్రింద వైనతేయ గోదావరి. దానిపైన కట్టిన తొట్టెలో పంటకాలువ. 1850ల దశకంలో హేగ్ అనే ఇంజనీరు 49 కమానులతో మొదటి వంతెన కట్టించాడు. అది పాతబడగా ప్రక్కనే కొత్తది కట్టి, బాటసారులకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

మా మనుమరాలు దానిని చూసి, "తాతయ్యా, ఇంత శ్రమ ఎందుకు?" అన్నది.

"అవతల రాజోలు వైపు చేలున్నాయి గదమ్మా!" అన్నాను.

అమెరికాలో ఒక్క రైతే యంత్రాలతో వేల ఎకరాలు సాగు చేయగలడు. మన కోనసీమలో ఎకరం, రెండెకరాల రైతులే ఎక్కువ. అయినా అందరికీ నీరు ఒక్కటే కనుక, సీమ అంతా ఒకే పెద్ద కమతంలాగా నడవాలి. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజి ఉన్నది. బొబ్బర్లంక వద్ద తలుపులెత్తితే నీరు పెద్ద కాలువలోకి, అక్కడి నుంచి పిల్ల కాలువలకు, బోదెలకు, చివరకు మడికి చేరుతుంది. ఇంజనీర్లు లెక్క చూస్తారు. లస్కర్లు తలుపులు దించి ఎత్తుతారు. నీరు తక్కువైతే వంతులు వేస్తారు. ఎగువవాడు వంతు తప్పితే శివారు రైతు చేను ఎండుతుంది. అందుకే 1997 చట్టంతో రైతులే నీటి సంఘాలుగా ఏర్పడ్డారు.

"మరి 2011లో సార్వా ఊడ్చకుండా చేలు బీడు పెట్టారుటగా! అప్పుడు నీళ్ళు లేవా?" అని అడిగింది.

మంచి ప్రశ్న! ఆ ఏడు కోనసీమ రైతులు వేలాది ఎకరాలకు పంట విరామం ప్రకటించారు. కాలువలో నీరు ఉన్నంత మాత్రాన చాలదు. మురుగు కాలువలు గుర్రపుడెక్కతో పూడిపోతే, వానకు చేలు మునుగుతాయి. మన నేల సముద్రానికి ఎంతో ఎత్తులో లేదు కదా! ఆపైన కూలి, ఎరువుల ఖర్చు పెరిగింది. ధాన్యం ధర దానికి సరిపోలేదు. అన్నం పెట్టే చేతికి నష్టమే మిగిలితే ఎన్నాళ్ళు పండిస్తుంది?

మనుమరాలు కాసేపు ఆలోచించి, "అయితే తాతయ్యా, నీరు వచ్చే దారి ఒక్కటే కాదు, పోయే దారి కూడా చూసుకోవాలన్నమాట!" అన్నది.

నిజమే. బాలలూ, ఈసారి మీ ఊరి మురుగు కాలువ దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగి, అందులో నీరు కదులుతున్నదో లేదో చూడండి. కదలకపోతే ఇంటికి వెళ్ళి పెద్దలకు చెప్పండి.