ముందు చక్రముల కాడి

ఎడ్లబండి తోలే మన ఉత్తరాంధ్ర రైతునకు డిఫరెన్షియల్ అను యంత్రభాగమును గూర్చి వేరుగా పాఠము చెప్పనక్కరలేదు. కాడి నడుమ భాగము నొగకు కట్టబడి ఉంటుంది. రెండెడ్లు సమానముగా లాగినంతసేపు కాడి అడ్డముగా నిలుస్తుంది. ఒక ఎద్దుకు బురదలో కాలు నిలువకపోయినదా, కాడి వాలిపోతుంది. రెండవ ఎద్దు ఎంత బలిష్ఠమైనదైనా దాని బలము బండికి చేరదు. బలహీనమైన ఎద్దు ఎంత లాగగలదో, బలమైనదీ అంతే లాగగలదు.

మోటారు కారులో రెండు చక్రములకు నడుమ జరిగేదీ ఇదే. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము నడవాలి. ఈ తేడాను సర్దుటకు ఫ్రాన్సు దేశస్థుడు ఒనెసిఫోర్ పెకూర్ 1827లో ఈ పళ్ళచక్రముల అమరికను కల్పించినాడు. అది చక్రముల వేగములలో తేడాను ఒప్పుకుంటుంది గాని, బలమును మాత్రము సమభాగములుగానే పంచుతుంది. అందుచేత ఒక చక్రము జారినదంటే రెండవ దానికి అందేదీ ఆ జారుచున్న చక్రము భరించగలిగినంతే. దమ్ము చేసే మడిలో ట్రాక్టరు ఒక చక్రము గిరగిర తిరుగుతూ, మరొకటి కదలక నిలిచిపోవడము మన విద్యార్థులలో చాలామంది చూచియే ఉంటారు. ట్రాక్టరు తోలేవాడు వెంటనే మడమ దగ్గరి లాకును తొక్కి రెండు చక్రములనూ ఒకటిగా బిగిస్తాడు. కారుకు అట్టి లాకు పనికిరాదు. గట్టి రోడ్డుపై రెండు చక్రములూ బిగిసి ఉంటే మలుపు సాఫీగా తిరగదు.

అంబాసిడరు, ప్రీమియర్ పద్మినీ కార్లను వెనుక చక్రములే నెట్టేవి. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చిన తరువాతనే ముందు చక్రములు లాగే కారు మన వీధులలో సామాన్యమైనది. లాగవలసినవీ, దారి తిప్పవలసినవీ ఆ రెండే. మలుపులో కారు బరువు బయటివైపునకు ఒరుగుతుంది. వేగము పెంచగానే వెనుకకు కూడా ఒరుగుతుంది. లోపలి ముందు చక్రము తేలికపడి కీచుమని అరుస్తూ తిరిగిపోతుంది. మామూలు ఇంజను గల కారుకు ఇది పెద్ద చిక్కు కాదు. ఇంజను బలము పెంచినప్పుడే ఈ చిక్కు ముదురుతుంది.

మా చేతిలో ఉన్నది అట్టి కారే. 1298 ఘన సెంటీమీటర్ల మారుతీ ఎస్టీమ్. దాని హెడ్డు సాపు చేయించి, కామ్‌షాఫ్టు మార్పించి, పొగగొట్టము వెడల్పు చేయించినాము. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు దాని సంగతి బయటపడినది. కాఫీ తోటల నడుమ తడిసిన వంపులలో యాక్సిలరేటరు తొక్కితే లోపలి చక్రము ఊరికే తిరుగుతున్నది, కారు మూతి లోయవైపునకు జరుగుతున్నది. ఎదురుగా బస్సు వచ్చే దారి అది. కొనుక్కున్న బలము కొండకు పనికిరాకపోగా ప్రాణము మీదికి తెచ్చేదిగా ఉన్నది.

విజయనగరములో మేము ఉస్తాద్ అని పిలిచే మేస్త్రీ ఒకరున్నారు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ బిగించవలెనని మేము అడుగగా, ఆయన మొదట అడిగినది "ఏ రకము?" అని. ఈ యంత్రములో ప్రధానముగా రెండు రకములు. మొదటిది పళ్ళెముల రకము. క్లచ్చు పళ్ళెములు ఒకదానినొకటి ఒరసికొని రెండు చక్రములనూ కట్టివేస్తాయి. 1930ల దశకములో ఫెర్డినాండ్ పోర్షే ఆటో యూనియన్ పందెపు కార్ల కొరకు జర్మనీలోని జెడ్.ఎఫ్. సంస్థచేత చేయించినది పరిమితముగా జారే డిఫరెన్షియలే. రెండవది ఏటవాలు పళ్ళ రకము. వెర్నాన్ గ్లీస్‌మన్ 1958లో పేటెంటు పొందిన టోర్సెన్ ఈ వర్గములోనిది. ఇందులో పళ్ళచక్రములే గోడకు ఒత్తుకొని, జారే చక్రము భరించే దానికి రెండు మూడు రెట్లు బలమును రెండవ దానికి అందిస్తాయి.

మాలో ఒకరు పళ్ళెముల రకమే కావాలని పట్టుపట్టినారు, అది పందెగాండ్రది కాబట్టి. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "బేటా, ఈ కారులో అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తావా లేదా? అది సందులో తిరిగినప్పుడల్లా టకటకమంటాది. పళ్ళేలు అరిగినప్పుడల్లా గేరుబాక్సు దించాల" అన్నారు. వాదము అంతటితో ముగిసినది. రెండేళ్ళుగా కూడబెట్టిన సొమ్ము ఏటవాలు పళ్ళ యంత్రమునకే పోయినది.

బిగింపు రెండు రోజుల పని. ఆయిలు తీసి, క్రింది బాల్‌జాయింట్లు విడదీసి, డ్రైవ్‌షాఫ్టులు లాగి, గేరుబాక్సు దించి రెండుగా విప్పవలెను. పాత డిఫరెన్షియల్‌కున్న క్రౌన్‌చక్రమును విప్పి కొత్త దానికి ఎక్కించవలెను. ఉస్తాద్ ఇక్కడ ఎవరినీ చేయి పెట్టనీయలేదు. క్రౌన్‌చక్రము కూర్చునే అంచును గుడ్డతో తుడిచి, గోటితో తడిమి, మరల తుడిచినారు. ఇసుక రేణువంత మురికి ఉన్నా చక్రము వంకరగా కూర్చుంటుందట. బోల్టులకు జిగురు రాసి, ఎదురెదురుగా, మూడు విడతలుగా టార్క్ స్పానరుతో బిగించినారు. బేరింగులు ప్రెస్సులో ఎక్కించినారు. బేరింగుల బిగువును షిమ్ములతో సరిచూచుటకే ఒక పూట పట్టినది. వదులైతే పళ్ళు మూలుగుతాయి, బిగువైతే బేరింగు కాలిపోతుంది. ఆయిలు సీళ్ళు కొత్తవి వేసినారు. పాతవి బాగానే ఉన్నాయి కదా అని అడిగితే, మరల దించే కూలి మీరిస్తారా అన్నారు.

తరువాత అనంతగిరి ఎక్కినాము. కారు నడక మారినమాట నిజము. వంపు సగములో యాక్సిలరేటరు తొక్కితే మూతి బయటికి పోక లోపలికి తిరుగుతున్నది. స్టీరింగు బరువెక్కినది, గుంతలలో చేతిని అటూ ఇటూ లాగుతున్నది. ఇది అందరూ చెప్పేదే. ఎక్కువమంది చెప్పనిది మరొకటి ఉన్నది. పూర్వము లోపలి చక్రము అరచి మమ్ము హెచ్చరించేది. ఇప్పుడా అరుపు చాలవరకు లేదు. తడిలో పట్టు తప్పినప్పుడు రెండు చక్రములూ కలిసి తప్పుతాయి, అదీ ఇంతకుముందుకన్నా ఎక్కువ వేగములో. కొత్త యంత్రము పట్టును పుట్టించదు, ఉన్న పట్టును పంచుతుంది. టైర్లు అరిగిన కారుకు దీనిని బిగించుట దండుగ అని మా అభిప్రాయము.

పాలకొండ నుంచి సీతంపేట పోయే దారిలో ఒకసారి కల్వర్టు ప్రక్క కారు దిగబడి, ఒక ముందు చక్రము గాలిలో తేలినది. అంత ఖరీదు యంత్రము ఉండీ కారు కదలలేదు. ఉస్తాద్‌కు ఫోను చేసినాము. "సున్నాని మూడుతో గుణిస్తే ఎంతొస్తాది?" అని నవ్వి, ఎడమ కాలితో బ్రేకు కొంచెము పట్టి యాక్సిలరేటరు ఇమ్మన్నారు. బ్రేకు పట్టగానే గాలిలోని చక్రమునకు కొంత అడ్డు కలిగినది, ఆ అడ్డుకు రెట్టింపు బలము నేలమీది చక్రమునకు అందినది. రెండు ప్రయత్నములు వృథా అయినవి. మూడవసారి కారు మెల్లగా గట్టెక్కినది.