రాత్రి పాట

మా రేల పాట ఎక్కువగా రాత్రిదే. పగలంతా పోడు పని, ఆకు, పుల్ల. పొద్దుగూకాక ఆడవాళ్లు చేతులు పట్టుకొని వరస కడితే పాట లేస్తుంది. అందుకే, హాస్టల్లో చదివే మా పిల్లవాడు సెలవులకొచ్చి ఫోన్లో ఒక పియానో ముక్క వినిపించి, "దీన్ని నాక్టర్న్ అంటారు, రాత్రి పాట" అన్నప్పుడు మేం చెవి ఒగ్గాం. మాటల్లేవు. అయినా ఎవరో పాడుతున్నట్టే ఉంది.

తర్వాత దాని సంగతి తెలుసుకున్నాం. పియానో ముక్కలకు ఆ పేరు పెట్టి బాట వేసినవాడు జాన్ ఫీల్డ్. 1782లో డబ్లిన్‌లో పుట్టి, రష్యాలో బతికి, 1837లో మాస్కోలో పోయాడు. ఆ బాటను పెద్దది చేసినవాడు పోలండు బిడ్డ ఫ్రెడరిక్ షోపాన్. ఆయనవి 21 నాక్టర్న్‌లు. ఎడమ చెయ్యి స్వరాలను విడదీసి అలలా కదిలిస్తుంది. కుడి చెయ్యి ఒంటి గొంతులా పాడుతుంది. కాలితో పెడల్ తొక్కితే వేలు తీసినా తీగ మోగుతూనే ఉంటుంది. ఎడమ చెయ్యి కింది స్వరాన్ని వదిలి పైకి పోయినా దాని మోత పాట కింద నిలబడేది అందుకే.

షోపాన్ 1830 నవంబరులో, ఇరవయ్యేళ్ల వయసులో వార్సా వదిలాడు. ఆ నెలాఖరులోనే రష్యా జారు మీద తిరుగుబాటు లేచింది, మరుసటేడు అణిగిపోయింది. ఆయన మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. 1849లో పారిస్‌లో చనిపోతే, అక్క లుద్విక ఆయన గుండెను వార్సాకు తెచ్చింది. 1830లో ఆ అక్క కోసం రాసిన నాక్టర్న్ ఆయన బతికుండగా అచ్చు కాలేదు, 1875లో అయింది. 1944లో వార్సా శిథిలాల్లో దాక్కున్న యూదు కళాకారుడు ష్పిల్‌మన్‌ను ఒక జర్మను అధికారి చూసి, ఏదైనా వాయించమన్నాడు. ఆయన వాయించింది ఆ అక్క పాటే. అధికారి ఆయన్ని పట్టివ్వలేదు, తిండి తెచ్చిచ్చాడు.

ఇది విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేమూ ఊరు వదిలినవాళ్లమే. ముంపు కింద ఊరు పోయింది. కాలనీలో వరస ఇళ్లు, తెల్లారేదాకా వీధి దీపాలు. వచ్చిన ఏడాదే మా పెద్దావిడ ఒకామె పోయింది. ఆమె పాడిన పెళ్లి పాటలు ఎవరికీ పూర్తిగా రావు. షోపాన్ అక్క పాట కాగితం మీద ఉంది కాబట్టి 45 ఏళ్లు ఆగి బయటికొచ్చింది. ఆమె పాటలకు కాగితం లేదు.

రాస్తే పాట చచ్చిపోతుందని మా పెద్దలు అనేవారు, మేమూ నమ్మాం. ఆమె ఒకే పాటను రెండు రాత్రులు ఒకేలా పాడేది కాదు మరి. కానీ షోపాన్ కూడా అంతే. 1832లో అచ్చయిన తొమ్మిదో ఓపస్ రెండో నాక్టర్న్‌లో ఒకే రాగం తిరిగొచ్చిన ప్రతిసారీ కొత్త మెలికలు వేసుకుంటుంది. అది చాలదన్నట్టు, శిష్యుల పుస్తకాల్లో తన చేత్తో వేరే మెలికలు రాసిచ్చేవాడు. అచ్చయ్యాక కూడా ఆ పాట కదులుతూనే ఉంది.

అందుకే ఈసారి భూమి పండక్కి నోటుపుస్తకం తెచ్చాం. కోయ మాటలను తెలుగక్షరాల్లో రాస్తున్నాం, ఫోన్లో గొంతు పడుతున్నాం. ఒకే పాటను ఇద్దరు రెండు రకాలుగా పాడితే రెండూ ఉంచుతున్నాం. ఇప్పటికి 11 పాటలయ్యాయి. దీపం వెలుగులో పెద్దాళ్లు సిగ్గుపడుతుంటే, ఇంటి వెనక చీకట్లో కూర్చోబెట్టి పాడిస్తున్నాం.