జంపఖానా తిరగేసి చూశారా?

దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా రూమ్ తీసుకున్న ఎవరైనా మంచం కంటే ముందు కొనేది చాపో, కార్పెట్టో. చైతన్యపురి నుంచి కొత్తపేట దాకా నడిస్తే చుట్టలుగా నిలబెట్టిన మెషీన్ కార్పెట్లు కనిపిస్తాయి. కాస్త బేరమాడితే చాలు, చంకలో పెట్టుకొని వచ్చేయొచ్చు.

మన ఊళ్లలో మాత్రం నేలమీద పరిచేదంటే జంపఖానా. పెళ్లి, భజన, పంచాయితీ ఏదైనా సరే, దాన్నే పరిచేవాళ్లు. ప్లాస్టిక్ కుర్చీలొచ్చాక అది అటకెక్కింది. కుర్చీలో ఒక్కరే పడతారు, జంపఖానా మీద ఎంతమందైనా సర్దుకుంటారు.

అది తయారయ్యే చోటు చూద్దామని ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ వెళ్లి వరంగల్ బస్సెక్కా. దిగింది కొత్తవాడలో.

ఇక్కడి నేత పేరు చాలా దూరం పోయింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారు. జపాన్‌లోని క్యోటోలో గియోన్ పండుగ రథాలకు కట్టే పాత తివాచీల్లో కొన్ని మన దక్కన్‌వేనని పరిశోధకులు తేల్చారు. అవి ముడులు వేసి నేసినవి. ఏలూరులోనూ ఆ రకం నేసేవాళ్లు. జంపఖానాలో ముడులుండవు. నూలు పడుగులోకి రంగుల పేక దూర్చి, ఇనుప దువ్వెనలాంటి పనిముట్టుతో గట్టిగా కొడతారు. రెండు రంగులు కలిసేచోట దారాన్ని దారానికి తగిలిస్తారు. దాన్నే ఇంటర్‌లాక్ అంటారు.

వరంగల్ డర్రీలకు 2018లో జీఐ ట్యాగ్ వచ్చింది. ట్యాగ్ పేరును కాపాడుతుంది కానీ, నేసేవాళ్ల కూలీ ఎంతో చెప్పదు.

మగ్గం దగ్గర కూర్చున్న పెద్దాయనను, "మీ తర్వాత ఎవరు నేస్తారు పెద్దనాయినా?" అని అడిగా.

"నా కొడుకు మీ దిల్‌సుఖ్‌నగర్‌లనే ఉంటడు బిడ్డా, కోచింగ్‌కు. మగ్గం మీదికి రమ్మని నేనే అనలె. రోజంతా కూసుంటే నడుము పోతది, పైసలు మాత్రం రావు" అన్నాడు. చేయి మాత్రం ఆగలేదు.

ఆ అబ్బాయి హాస్టల్ రూములో కింద పరిచింది కూడా మెషీన్ కార్పెట్టే అయ్యుంటుంది. తప్పు అతనిది కాదు. ధర అలా ఉంది మరి.

ఈసారి షాపులో జంపఖానా కనిపిస్తే ఒకసారి తిరగేసి చూడండి. మెషీన్ కార్పెట్‌కు వెనకవైపు మామూలుగా వేరే గుడ్డో, జిగురో కనిపిస్తుంది. చేత్తో నేసిన ఇంటర్‌లాక్ జంపఖానాకు రెండు వైపులా అదే డిజైన్ ఉంటుంది. ఒకవైపు మాసితే తిప్పి పరుచుకోవచ్చు. ధర ఎక్కువనిపిస్తే, అది నేయడానికి ఎన్ని రోజులు పట్టిందో షాపాయన్ని అడగండి. ఆ తర్వాత బేరమాడండి.